అంగీ మాటున తుపాకి

షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాన్ని అమలు చేసే నియమాలు 1995 మార్చి 31న వచ్చాయి. ఆ నియమాల్లో మూడోదాన్ని మనలో చాలామంది చదవరు. చట్టం మీద జరిగే శిక్షణ తరగతుల్లో కేసు ఎట్లా రాయించాలి, విచారణ ఎవరు చేయాలి, నష్టపరిహారం ఎంత అనే దగ్గరే ఆగిపోతాం. మూడో నియమం అత్యాచారం జరగకముందే సర్కారు ఏం చేయాలో చెబుతుంది. అత్యాచారాలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను గుర్తించాలి. కలెక్టరు, ఎస్పీ అక్కడికి పోయి చూడాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆ తుపాకులను సర్కారు ఆయుధాగారంలో జమ చేయించాలి. దొంగ తుపాకులను పట్టుకోవాలి. ఇవన్నీ చెప్పిన తర్వాత ఇంకో మాట ఉంది: అవసరమనుకుంటే, ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా ఎస్సీ, ఎస్టీలకే ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఈ ఒక్క మాటతో సర్కారు రెండు సంగతులు ఒప్పుకుంది. గూడేనికీ తండాకూ పోలీసు అన్ని వేళలా అందడన్నది ఒకటి. అందనప్పుడు మనిషి తన ప్రాణం తానే కాపాడుకోవలసి వస్తుందన్నది రెండోది. భారతీయ న్యాయ సంహిత కూడా 34వ సెక్షన్ నుంచి ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది. కనుక ఆపదలో ఉన్న ఆదివాసి ఆయుధం కోసం దరఖాస్తు పెట్టుకుంటే తప్పని ఎవరూ అనలేరు.

హక్కు ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. దాన్ని ఎట్లా వాడుకుంటే మనకు, మన చుట్టూ ఉన్నవాళ్ళకు మంచిది అన్నది ఇంకో ప్రశ్న. ఇంట్లో పెట్టుకున్న తుపాకి సంగతి వేరు. నడుముకు పిస్తోలు కట్టి, పైన అంగీ కప్పుకుని, గొల్లపల్లిలో బస్సెక్కి జగిత్యాలలో దిగి, ఆఫీసు ముందు వరుసలో నిలబడి, ధర్మపురి జాతరలో పదిమందిని రాసుకుంటూ తిరగడం వేరు. ఈ వ్యాసం ఆ రెండో సంగతి గురించి.

ఇది ఎక్కడో అమెరికాలో జరిగే చర్చ, మనకెందుకు అనుకోవచ్చు. 2025 మే నెలలో అసోం మంత్రివర్గం, మారుమూల సున్నిత ప్రాంతాల్లో ఉండే మూలవాసులకు ఆయుధ లైసెన్సులు ఇచ్చే పథకానికి ఆమోదం తెలిపింది. మన నియమాల పుస్తకంలో 30 ఏళ్ళుగా నిద్రపోతున్న మాట అక్కడ ఇంకో రూపంలో లేచి కూర్చుంది. రేపు ఇక్కడా ఎవరైనా ఎత్తుకోవచ్చు. ఆ రోజు మన పిల్లలు ఆవేశంతో కాక ఆలోచనతో మాట్లాడాలంటే ముందే చర్చించుకోవాలి.

ఈ మట్టికి తుపాకి కొత్త కాదు

జగిత్యాల, సిరిసిల్ల పేర్లు చెబితే పాతతరం వాళ్ళకు 1978 గుర్తుకొస్తుంది. వెట్టికి, దొరల పెత్తనానికి, బంచరు భూముల ఆక్రమణకు వ్యతిరేకంగా ఆ ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అట్లా ప్రకటించిన చోట, ఐదుగురు గుమిగూడకూడదన్న ఆజ్ఞను గానీ, ఆయుధాలు, ఆయుధాలుగా పనికొచ్చే వస్తువులు పట్టుకు తిరగకూడదన్న ఆజ్ఞను గానీ ఎవరైనా మీరితే, ఎస్సై స్థాయి పోలీసు కూడా హెచ్చరించి కాల్చవచ్చు. ఆయుధంగా పనికొచ్చే వస్తువు అంటే ఏమిటి? పొలం పోయేవాడి చేతి కర్ర, అడవికి పోయేవాడి గొడ్డలి, కొడవలి. మన బతుకు పనిముట్లన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి.

ఆ రోజుల్లో దొరల ఇండ్లల్లో లైసెన్సు తుపాకులున్నాయి. తర్వాత దళాల చేతికి తుపాకులొచ్చాయి. పోలీసు క్యాంపులు ఎట్లాగూ ఉన్నాయి. మూడు దిక్కులా తుపాకులున్న ఊరిలో ఏ తుపాకీ లేని మనిషి ఎట్లా బతికాడో మన పెద్దలను అడిగితే చెబుతారు. కొత్త మనిషి కనబడితే మాట తగ్గించడం, పొద్దుగూకితే తలుపు వేసుకోవడం, ఎవరు ఎవరితో మాట్లాడారో చెప్పకపోవడం. తుపాకి పేలినప్పుడు పోయేది ప్రాణం. తుపాకి ఎవరి దగ్గరుందో తెలియనప్పుడు అంతకు ముందే పోయేది నమ్మకం.

ఉత్తరాన ఆదిలాబాద్ గోండు గూడేలది ఇంకా పాత కథ. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను, ఆయన తోటివాళ్ళను నిజాం తుపాకులు బలి తీసుకున్నాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనుల సభకు వచ్చినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు చెప్పిన లెక్క 13 మంది. ప్రజలు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఈ చరిత్ర తెలిసిన ఆదివాసి యువకుడు "అందరి దగ్గరా ఉంది, మన దగ్గరే ఎందుకు లేదు?" అని అడిగితే ఆ ప్రశ్నను చిన్నచూపు చూడకూడదు.

అడిగేవాళ్ళ మాటలో బలం

తుపాకి దగ్గర పెట్టుకోవాలనేవాళ్ళ వాదంలో బలమైన మాటలే ఉన్నాయి. వాటిని పూర్తిగా విందాం.

మొదటిది, దూరం. స్టేషన్ మండల కేంద్రంలో ఉంటుంది, ఆపద గట్టు మీద ఉంటుంది. రెండోది, దుర్మార్గుడు లైసెన్సు కోసం ఆగడు. తపంచా దొంగతనంగా కొనేవాడికి చట్టం అడ్డం కాదు, చట్టాన్ని మన్నించేవాడికే అడ్డం. మూడోది, బలం లేనివాళ్ళకు పిస్తోలు బలాన్ని సమానం చేస్తుంది. ఒంటరి ఆడమనిషి, ముసలివాడు, పదిమంది మధ్య ఒక్కడైన ఎస్టీ రైతు, వీళ్ళకు కండబలం ఉండదు. నాలుగోది, ఎవరి దగ్గరుందో తెలియకపోతే దాడి చేసేవాడు అందరినీ చూసి భయపడతాడు.

వీటికి ఉదాహరణలూ ఉన్నాయి. 2022 జులైలో అమెరికాలో ఇండియానా రాష్ట్రం గ్రీన్‌వుడ్‌లో ఒక మాల్‌లో ఒకడు కాల్పులు మొదలుపెట్టాడు. ముగ్గురు చనిపోయారు. అక్కడే ఉన్న 22 ఏళ్ళ యువకుడు తన దగ్గర దాచి ఉన్న పిస్తోలు తీసి, కొన్ని క్షణాల్లోనే వాణ్ణి ఆపేశాడు. అతని వల్ల ఇంకా ఎందరో బతికారు. దీన్ని కాదనడం నిజాయితీ కాదు.

మన దేశంలో కూడా కొడగు ప్రాంతపు కొడవలకు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకునే మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచి ఉంది. కేంద్రం దాన్ని 2019లో ఇంకో పదేళ్ళు పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. ఒక సమాజాన్ని నమ్మి తుపాకి ఇచ్చిన చట్టం ఇంకో సమాజపు విల్లును కూడా అనుమానంగా ఎందుకు చూస్తుంది? 1878 ఆయుధాల చట్టం భారతీయులను లైసెన్సు కిందికి తెచ్చి యూరోపియన్లను మినహాయించింది. ఎవరిని నమ్మాలి, ఎవరిని నమ్మకూడదు అన్న పట్టిక ఆయుధాల చట్టాల వెనక ఎప్పుడూ ఉంటుంది. ఆ పట్టికలో మన పేరు ఎక్కడుందో మనకు తెలుసు.

విల్లు కనబడుతుంది

ఇప్పుడు ఆయుధం సంగతి కాక, దాచడం సంగతి చూద్దాం.

కోయవాడు, గోండువాడు విల్లు పట్టుకుని నడిస్తే అది ఎదుటివాడికి కనబడుతుంది. కనబడే ఆయుధం ఒక మాట చెబుతుంది: నేను ఇట్లా ఉన్నాను, నువ్వు చూసుకో. దగ్గరికి రావాలా వద్దా, మాట పెంచాలా తుంచాలా అని ఎదుటివాడు తేల్చుకోవచ్చు. దాచిన పిస్తోలు ఆ అవకాశం ఇవ్వదు. పక్క సీటులో కూర్చున్నవాడు పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతాడు. తన భుజం ఆనుతున్నది ఒక తుపాకికని అతనికి తెలియదు. అతని పిల్లవాడి ప్రాణానికి సంబంధించిన ఒక నిర్ణయం అతన్ని అడగకుండానే జరిగిపోయింది.

అల్లూరి సీతారామరాజు సంగతి గుర్తు చేసుకుందాం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకున్నారు. ఏమేం తీసుకున్నారో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. తుపాకి పట్టడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. తాను ఏం పట్టుకున్నాడో దాచలేదన్నది ఇక్కడ చూడవలసిన సంగతి. బాహాటంగా చేసిన పనికి బాధ్యత ఉంటుంది. తప్పయినా ఒప్పయినా దాన్ని పదిమంది విచారించవచ్చు.

ఎవరి దగ్గరుందో తెలియకపోతే దుర్మార్గుడు భయపడతాడన్న మాటను మళ్ళీ చూడండి. తెలియకపోవడం దుర్మార్గుడి ఒక్కడి మీదే పనిచేయదు. బస్సులో కండక్టరుకూ తెలియదు, చిల్లర కోసం గొడవపడే ముసలమ్మకూ తెలియదు, ఆపి తనిఖీ చేసే పోలీసుకూ తెలియదు. నలుగురు కలిసే చోటు నడిచేది ఒకరికొకరు పెట్టుకున్న నమ్మకం మీద. అంగడిలో బేరం గట్టిగా ఆడగలిగేది, గ్రామసభలో సర్పంచును నిలదీయగలిగేది ఎదుటివాడు అరిస్తే అరుస్తాడు గానీ కాల్చడన్న ధీమాతోనే. ఆ ధీమా పోతే ముందుగా నోరు మూసుకునేది ఎవరు? ఇప్పటికే భయపడుతూ మాట్లాడేవాళ్ళు.

అనుమానం ఎవరి మీద పడుతుంది

దాచిన తుపాకి ఒకటి ఉందంటే ఊహించిన తుపాకులు వంద ఉంటాయి. వాటిని జనం ఎవరి ఒంటి మీద ఊహిస్తారు? ముందే అనుమానంతో చూసేవాళ్ళ ఒంటి మీద.

2016 జులై 6న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడి కారును పోలీసు ఆపాడు. కాస్టిల్ ఒక బడిలో పిల్లలకు భోజనం పెట్టే విభాగంలో పనిచేసేవాడు. అతని దగ్గర తుపాకి ఉంది, దానికి అనుమతి పత్రమూ ఉంది. తన దగ్గర తుపాకి ఉందని మర్యాదగా తానే ముందుగా చెప్పాడు. కొన్ని క్షణాల్లో పోలీసు కాల్చి చంపాడు. 2017లో ఆ పోలీసు నిర్దోషి అని తీర్పు వచ్చింది. చేతిలో లైసెన్సు ఉన్నా, చూసేవాడి కంట్లో అనుమానం ఉంటే కాగితం కాపాడలేదు.

2021 జూన్‌లో కొలరాడో రాష్ట్రం అర్వాడాలో ఇంకొకటి జరిగింది. ఒక పోలీసును చంపినవాణ్ణి, అక్కడున్న ఒక పౌరుడు తన దగ్గర దాచి ఉన్న పిస్తోలుతో కాల్చి ఆపాడు. తర్వాత వచ్చిన పోలీసు, చేతిలో తుపాకితో కనబడ్డ ఆ పౌరుణ్ణే దుండగుడు అనుకుని కాల్చి చంపాడు. మంచివాడి చేతి తుపాకికి మంచి గుర్తు ఏదీ ఉండదు.

ఈ రెండింటినీ మన దగ్గరికి తెచ్చి చూడండి. అడవి పక్క ఊరి ఎస్టీ యువకుడు, నడుముకు లైసెన్సు పిస్తోలు, రాత్రి పూట రోడ్డు మీద తనిఖీ. అతను జేబులోంచి లైసెన్సు తీయడానికి చేయి కిందికి పెడితే ఎదుటివాడికి ఏం అనిపిస్తుంది? 1978 తర్వాత ఈ ప్రాంతంలో పెరిగినవాళ్ళకు జవాబు చెప్పనక్కరలేదు. అదే పిస్తోలు పెద్ద రియల్ ఎస్టేట్ వ్యాపారి నడుముకు ఉంటే హోదా. మన దేశంలో లైసెన్సు తుపాకి చాలాచోట్ల హోదా కిందే లెక్క. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సంబరానికి కాల్చి మనుషులను చంపుకోవడం ఎంత పెరిగిందంటే, 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి దాన్ని ప్రత్యేక నేరంగా రాయవలసి వచ్చింది.

కోపం, సారా, అప్పు

ఆత్మరక్షణ కోసం కొన్న తుపాకి ఆత్మరక్షణ రోజున ఒక్కటే మన దగ్గర ఉండదు. ఏడాదిలో 365 రోజులూ ఉంటుంది. ఆ రోజుల్లో పాలోళ్ళతో గెట్టు తగాదా ఉంటుంది, పెళ్ళిలో మాటా మాటా ఉంటుంది, సారా తాగిన రాత్రి ఉంటుంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేతా పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే హైదరాబాద్ ఇంజనీరు హత్యకు గురయ్యాడు. పని ముగించుకుని మిత్రుడితో ఒక బార్‌లో కూర్చున్నాడు. ఒకడు వచ్చి మీది ఏ దేశమని నిలదీసి తిట్టాడు. వాణ్ణి బయటికి పంపేశారు. కాసేపటికి తుపాకితో తిరిగొచ్చి కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, మిత్రుడు గాయపడ్డాడు. ఆ హంతకుడు వాళ్ళను ఇరాన్ వాళ్ళనుకున్నాడు. వాణ్ణి పట్టుకోబోయిన ఒక అమెరికన్ చేతిలో ఏ ఆయుధమూ లేదు. అతనికీ తూటా తగిలింది, ప్రాణంతో బయటపడ్డాడు. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది.

ఇందులో ఆలోచించవలసింది ఆ మధ్యలో గడిచిన కాసేపు. కోపం వచ్చినవాడికి తుపాకి తెచ్చుకోవడానికి కొంత సమయం పట్టింది. ఆ సమయంలో కోపం చల్లారి ఉంటే శ్రీనివాస్ బతికేవాడు. చాలా కోపాలు ఆ సమయంలో చల్లారతాయి కూడా. తుపాకి నడుముకే ఉంటే ఆ కాసేపు కూడా దొరకదు. కాన్సాస్‌లో 2015 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు పిస్తోలు దాచి తిరగడానికి అనుమతి పత్రం కూడా అక్కరలేదు. ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా రాష్ట్రాల్లో అదే పద్ధతి.

ఇంకో మాట మెల్లగానైనా చెప్పుకోవాలి. మన ఇండ్లల్లో అప్పులున్నాయి, పంట పోయిన ఏడాదులున్నాయి. సిరిసిల్ల నేతన్నల ఇండ్లల్లో, మన రైతుల ఇండ్లల్లో ఆత్మహత్యలు మనం చూసినవే. శత్రువు కోసం కొన్న తుపాకి ఆ రాత్రి ఇంటివాడి దుఃఖానికి దొరుకుతుంది. పురుగుల మందు తాగినవాణ్ణి దవాఖానకు తీసుకుపోయి కొందరినైనా కాపాడుకుంటాం. తూటాకు ఆ దయ ఉండదు.

బడిలో

ఈ సంపుటి చదివే ఉపాధ్యాయులు ఒక సంగతి గమనించాలి. 2024 ఏప్రిల్‌లో టెన్నెసీ రాష్ట్రం, శిక్షణ పొందిన టీచర్లు బడిలో పిస్తోలు దాచి ఉంచుకోవచ్చని చట్టం చేసింది. ఏ టీచరు దగ్గరుందో తల్లిదండ్రులకు గానీ పిల్లలకు గానీ చెప్పరు. బడుల్లో వరుసగా పిల్లలను చంపుతున్న దేశం భయంతో తీసుకున్న నిర్ణయం అది. ఆ భయం నిజమైనదే. బ్రిటన్‌లో కూడా 1996లో డన్‌బ్లేన్ బడిలో 16 మంది పిల్లలను, ఒక టీచరును చంపారు. ఆ దేశం మాత్రం ఆ మరుసటి ఏడాదే చట్టాలు తెచ్చి, ప్రజల చేతుల్లో చేతి తుపాకులు దాదాపు లేకుండా చేసింది. ఒకే దుఃఖానికి రెండు దేశాలు రెండు జవాబులు ఇచ్చాయి.

ఆశ్రమ పాఠశాలలో రాత్రి పూట జ్వరం వచ్చిన పిల్ల ఏ సారు దగ్గరికి, ఏ మేడం దగ్గరికి పోతుంది? భయం లేకుండా ఎవరి దగ్గరికి పోగలదో వాళ్ళ దగ్గరికి. మన పిల్లల్లో చాలామంది బడికి రాకముందే అధికారం అంటే భయం నేర్చుకుని వస్తారు. ఆ భయాన్ని పోగొట్టడమే మన మొదటి పాఠం. సారు అంగీ కింద ఏముందో తెలియని బడిలో ఆ పాఠం చెప్పలేం.

సర్కారు ఇచ్చిన తుపాకి

ఆదివాసి చేతికి తుపాకి ఇచ్చి నిన్ను నువ్వు కాపాడుకో అన్న అనుభవం మన పక్కనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో, చదువు అంతంత మాత్రంగా ఉన్న ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టుకున్నారు. నెలకు 3,000 రూపాయలు, చేతికి తుపాకి. వాళ్ళ ఆత్మరక్షణ కోసమే తుపాకులు ఇచ్చామని ఆ ప్రభుత్వం కోర్టులో చెప్పుకుంది. 2011 జులై 5న సుప్రీంకోర్టులో మన తెలుగువాడైన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్ ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోమన్నారు.

ఆ తుపాకులు ఎవరిని కాపాడాయి? ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలమంది కట్టుబట్టలతో గోదావరి ఇవతలికి వచ్చి ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళను మనం గొత్తికోయలని పిలుస్తున్నాం. ఒకే గూడెంలో పుట్టినవాళ్ళు ఒకరి తుపాకికి ఒకరు ఎదురయ్యారు. తుపాకి చేతికి వచ్చింది గానీ దాన్ని ఎటు తిప్పాలన్న నిర్ణయం వాళ్ళ చేతికి రాలేదు.

వరుస తప్పకూడదు

ఇంతవరకు చదివి, అయితే ఆదివాసులు చేతులు కట్టుకుని కూర్చోవాలని తేల్చారా అని ఎవరైనా అడిగితే, లేదు. బలవంతుడి దగ్గర లైసెన్సు తుపాకి ఉండనిచ్చి, బలహీనుడికి అహింస బోధించడం ధర్మం కాదు. అది బలవంతుడి పక్షం మాట్లాడటమే.

మార్టిన్ లూథర్ కింగ్ జీవితంలో ఒక ఘట్టం ఇక్కడ పనికొస్తుంది. 1956 జనవరి 30న మాంట్‌గోమరీలో ఆయన ఇంటి మీద బాంబు వేశారు. అప్పుడు ఆయన తుపాకి దగ్గర పెట్టుకునే అనుమతి కోసం దరఖాస్తు చేశాడు. అధికారులు ఇవ్వలేదు. నల్లవాడు గనుక ఇవ్వలేదన్నది స్పష్టమే, అది అన్యాయమే. కాని ఆ తర్వాత ఆయన తనలో తాను తర్కించుకుని, ఇంట్లో ఉన్న తుపాకిని కూడా వదిలేశాడు. వదిలేసి ఊరుకోలేదు. ఇంటి చుట్టూ పెద్ద దీపాలు పెట్టించాడు. రాత్రింబవళ్ళు ఆయుధం లేని కాపలా మనుషులను ఉంచాడు. చీకట్లో దాక్కుని వచ్చేవాడికి జవాబుగా ఇంకో దాచిన ఆయుధం కాకుండా వెలుతురు, మనుషులు.

నా వాదం అంతా ఇదే. మూడో నియమంలో అంశాల వరుస ఊరికే రాలేదని నాకనిపిస్తుంది. ముందు ప్రమాదమున్న చోటు గుర్తించమంది. తర్వాత బెదిరించే పక్షం చేతిలో తుపాకి తీసేయమంది. దొంగ తుపాకులు పట్టుకోమంది. వాటి తర్వాతే బెదిరింపులో ఉన్నవాడికి లైసెన్సు ఇవ్వమంది. మనం అడగవలసింది కూడా ఆ వరుసలోనే. లైసెన్సు అంశాన్ని ముందు అడిగితే, తుపాకి ఉన్నవాడి పక్కన తుపాకి ఉన్న ఇంకొకణ్ణి నిలబెట్టినట్టవుతుంది. ముందు అంశాలను అడిగితే ఊరిలో తుపాకులు తగ్గుతాయి. మొదటి దారిలో డబ్బు, పలుకుబడి, లాయరు ఉన్నవాడే ఎప్పుడూ గెలుస్తాడు. రెండో దారిలో బస్సులో నిద్రపోయే పిల్లవాడు కూడా గెలుస్తాడు.

అన్ని తలుపులూ తట్టి, ఏదీ తెరుచుకోక, ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఒకడు ఉంటాడు. అతను లైసెన్సు అడిగితే నేను తప్పుపట్టను. అతన్ని ఆ స్థితికి తెచ్చినవాళ్ళనే తప్పుపడతాను. అతను కూడా తెలుసుకోవలసింది ఒకటుంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు ఉన్నవాడు బహిరంగ స్థలంలో తుపాకిని కప్పి ఉంచాలి, పూర్తిగా తన అదుపులో ఉంచుకోవాలి, తీసి ఝళిపించకూడదు. అంటే అంగీ కప్పుకుని అతను బయటికి అడుగు పెట్టిన క్షణం నుంచి చుట్టూ ఉన్న ప్రతి మనిషి తరఫునా ఒక నిర్ణయం మోస్తుంటాడు. తన భయానికి జవాబు చెప్పుకున్నవాడు వాళ్ళందరికీ కూడా జవాబుదారి.

యువకులు, ఉపాధ్యాయులు కలిసి చేయగలిగిన పని ఉంది. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలని అవే నియమాలు చెబుతున్నాయి. అది కూర్చుంటున్నదా? కూర్చుంటే మూడో నియమం గురించి ఎప్పుడైనా మాట్లాడిందా? జిల్లాలో ఆయుధ లైసెన్సులు ఎన్ని ఉన్నాయి? ఎస్టీలను బెదిరించిన కేసు ఉన్నవాళ్ళలో ఎందరికి లైసెన్సులున్నాయి? ఒక్కటైనా రద్దు చేశారా? సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద ఈ ప్రశ్నలు రాసి పంపడానికి పెద్ద ఖర్చు కాదు. పదో తరగతి పిల్లలతో చర్చ పెట్టడానికి కూడా ఇంతకంటే మంచి విషయం దొరకదు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో జమ చేయమని ఆదేశాలు వెళ్తాయి. జనం భయం లేకుండా ఓటు వేయాలని అట్లా చేస్తారు. మంచి పనే. ఓటు వేసే ఒక్క రోజు కోసం తుపాకులు జమ చేయించగల సర్కారు, పోడు భూమి దగ్గర, చెరువు గట్టు మీద, గ్రామసభలో మనం భయం లేకుండా నిలబడాల్సిన మిగతా రోజుల కోసం ఎందుకు చేయించలేదు? ముందు ఈ ప్రశ్నకు జవాబు రానివ్వండి. మన నడుముకు ఏం కట్టుకోవాలో తర్వాత మాట్లాడుకుందాం.